ఈయనకి వెయ్యరేంటి?

నాకు కోపం ఎక్కువని మా ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. సిగ్గు కూడా ఎక్కువేనని ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. మా అబ్బాయి పాట కట్టి, ఆ పాట రాష్ట్రమంతా తిరిగాక గానీ ఆ సంగతి నాకు తెలిసిరాలేదు.

మాది రామచంద్రపురం దగ్గర పల్లె. వరి చేను, కొబ్బరి తోట, దింపిన కాయలు పోసుకోవడానికి ఇంటి వెనక ఓ రేకుల షెడ్డు. ఈ మాత్రం ఆస్తి మా వైపు చాలామందికి ఉంటుంది, దాన్నిబట్టి నన్నెవరూ గుర్తుపెట్టుకోరు. నన్ను గుర్తుపెట్టుకునేది పెళ్ళి భోజనాల దగ్గర. అప్పట్లో మా వైపు పెళ్ళంటే బంతి భోజనాలే. అరిటాకులు వరసగా పరిచి, జనాన్ని ఎదురుబొదురుగా కూర్చోబెట్టి, ఒక వరస తిని లేచాక ఇంకో వరస. వండేవాళ్ళు వేరు, వడ్డించే కుర్రాళ్ళు వేరు. వీళ్ళందరి మీదా ఒక మనిషుంటాడు. కండువా నడుముకి బిగించి, బంతి మొదట్లో నిలబడి, ఎవరి ఆకులో ఏది అయిపోయిందో చూసి కేకేసే మనిషి. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా ఆ మనిషిని నేనే. ముహూర్తం పెట్టుకోగానే పురోహితుడి తరవాత నా దగ్గరికే వచ్చేవారు. "మీరుంటే మాకు బెంగ లేదండి" అనేవారు. ఆ మాటంటే నాకు ప్రాణం.

అది ఆషామాషీ పని కాదు. మగపెళ్ళివారి పెద్దలు నోరు తెరిచి అడగరు. అడిగితే నామోషీ. కూర నచ్చితే చెయ్యి ఆకు అంచున కాసేపు ఆగుతుంది, అంతే. అది కనిపెట్టి వెయ్యకపోతే ఆయన లేచిపోతాడు. పెద్దవాడు లేచాడంటే బంతంతా ఎంగిలి చేతులతో లేవాల్సిందే, అది మర్యాద. ఆ తరవాత ఆ పెళ్ళి గురించి ఎవరూ నగల సంగతి గానీ మేళం సంగతి గానీ చెప్పుకోరు. బంతి మధ్యలో లేచిపోయారట అని చెప్పుకుంటారు. అలా ఎవరూ లేవకుండా చూడటం నా పని. ముందు గొంతు సవరించుకుని గట్టిగా ఒక దగ్గు దగ్గేవాణ్ణి. ఆ దగ్గు వింటే చాలు, కుర్రాళ్ళు బకెట్లు ఎత్తిపట్టుకుని నిలబడేవారు. ఆ వెంటనే, "ఒరే, ఈయనకి వెయ్యరేంటి?" అని పందిరి అదిరేలా కేక. నా గొంతు చాలా గంభీరంగా ఉంటుందని నా నమ్మకం.

మా అబ్బాయి కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతూ ఓ గిటారు కొనుక్కొచ్చాడు. దాంతోపాటు ముగ్గురు స్నేహితుల్నీ తెచ్చాడు. వాళ్ళలో ఒకడి తండ్రికి మైకుసెట్లూ షామియానాలూ అద్దెకిచ్చే వ్యాపారం, కాబట్టి స్పీకర్లకి లోటు లేదు. సెలవులొస్తే నలుగురూ మా షెడ్డులో దూరి తలుపేసుకునేవారు. లోపలి చప్పుడుకి కొబ్బరికాయల రాశి మీంచి కాయలు దొర్లి కిందపడేవి. ఒకరోజు ఉండబట్టలేక తలుపు తోసుకుని వెళ్ళాను.

"ఇదేం సంగీతంరా?"

"పాప్ పంక్ అంటారండి నాన్నగారూ."

"అంటే?"

"స్పీడుగా ఉంటుందండి. కోపంగా ఉంటుంది. వినేవాళ్ళు గెంతుతారండి."

"కోపానికి గెంతడమేంటిరా? నాకు కోపమొస్తే నువ్వు గెంతుతావా?"

"గెంతుతానండి" అన్నాడు వాడు. మిగతా ముగ్గురూ నవ్వాపుకోలేక డ్రమ్ముల వెనక తలలు దాచుకున్నారు.

మా ఆవిడ వాళ్ళకి జంతికలూ మజ్జిగా మోస్తూనే ఉండేది. నేను విసుక్కుంటూనే ఉండేవాణ్ణి. వినాయక చవితి పందిట్లో వాళ్ళు మొదటిసారి జనం ముందు వాయించారు. అన్నీ ఇంగ్లీషు పాటలు. రెండో పాట మధ్యలో కమిటీవాళ్ళు కరెంటు తీసేసి, "ఇక దేవుడి పాటలు పెట్టుకుంటాం బాబూ" అన్నారు. మావాడు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. నాకు జాలేసింది. మంచం దగ్గరికెళ్ళి, "ఎవరో ఒకరికి నచ్చుతుందిలేరా" అని కూడా అన్నాను. ఆ నచ్చేది నా మీదికే వస్తుందని నాకేం తెలుసు.

ఆ మరుసటి వేసవిలో యూరియా కోసం రామచంద్రపురం వెళ్ళాను. బస్టాండు పక్కన కూల్‌డ్రింకు షాపులో సోడా తాగుతుంటే నా దగ్గు వినిపించింది. నేను దగ్గలేదు. నా నోట్లో సోడా ఉంది. అయినా అనుమానమొచ్చి గొంతు మీద చెయ్యేసి చూసుకున్నాను. ఇంతలో షాపులోని టేపురికార్డరు, "ఒరే, ఈయనకి వెయ్యరేంటి?" అని అరిచింది. దాని వెనకే మా షెడ్డులో వినిపించే గిటార్ల గోల మొదలైంది.

పప్పటు, కూరిటు, పులుసెక్కడ చచ్చింది?
అమ్మగారి ఆకులోన అన్నమొకటే మిగిలింది!
వెయ్యరేంటి, వెయ్యరేంటి, ఈయనకి వెయ్యరేంటి?

షాపు ముందు కుర్రాళ్ళు ఎండలో గెంతుతున్నారు. నా కేకలన్నీ అందులో ఉన్నాయి. బూరెకి బొటనవేలితో చిల్లు పెట్టి నెయ్యి పొయ్యమని చెప్పేదీ, పెరుగు గరిటె చిన్నదైతే తిట్టేదీ, ఏదీ వదల్లేదు. షాపాయన కాసెట్టు అట్ట చేతికిచ్చాడు. దాని మీద మావాళ్ళు నలుగురూ జుట్టు పైకి నిక్కబొడిచి నిలబడ్డారు. వాళ్ళ ముందు ఒక కార్టూను. మీసాలాయన, నడుముకి కండువా, నోరు తెరిచి అరుస్తున్నాడు. కొండనాలుకతో సహా గీశారు.

"ఈయన మీకు తెలుసాండి?" అన్నాడు షాపాయన, బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూస్తూ.

"తెలీదు" అన్నాను.

ఆ కాసెట్టు నేనే కొనేశాను. కొంటే మోత ఆగుతుంది కదా అనుకున్నాను. ఆయన సంతోషంగా లోపల్నించి ఇంకోటి తీసి పెట్టాడు. "ఇదే బాగా పోతోందండి" అన్నాడు. యూరియా సంగతి మర్చిపోయి బస్సెక్కాను.

జరిగింది తరవాత తెలిసింది. కాలేజీ వార్షికోత్సవంలో వీళ్ళు ఇంగ్లీషు పాట ఎత్తుకోగానే జనం ఈలలేసి దిగిపొమ్మన్నారట. మావాడికి ఒళ్ళు మండి, మైకు పట్టుకుని నాలాగే దగ్గి, నాలాగే కేకేశాడట. డ్రమ్ములవాడు అందుకున్నాడట. హాలంతా లేచి గెంతిందట. ఆ హాల్లో ఎవరి మేనమామ పెళ్ళిలోనో, ఎవరి అక్క పెళ్ళిలోనో అలాంటి కేక వినని పిల్ల గానీ పిల్లాడు గానీ లేరు మరి.

అక్కణ్ణించి ఆగలేదు. ముందు కాకినాడ కేబుల్ టీవీ, తరవాత కాసెట్టు, ఆ తరవాత రాజమండ్రి, వైజాగు, హైదరాబాదు. టీవీలో యాంకరమ్మ వాళ్ళ నలుగురికీ అరిటాకులు వేసి కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసింది. సెల్‌ఫోన్లు వచ్చాక నా కేక రింగుటోనైంది. బ్యాంకులో క్యూలో నిలబడితే ఎవరి జేబులోంచో నేను దగ్గేవాణ్ణి. అందరూ వెనక్కి తిరిగి నవ్వుకుంటుంటే నేను గోడకున్న క్యాలెండరు చదువుతున్నట్టు నిలబడేవాణ్ణి.

వెక్కిరించారన్నది ఒక్కటే అయితే కోప్పడి ఊరుకునేవాణ్ణి. కోపం నాకు అలవాటే. నన్ను తినేసింది వేరే. నా గొంతు అలా ఉంటుందని నాకు తెలీదు. కోసిన చేలల్లో బాతుల్ని అదిలించేవాడి గొంతులా ఉంది. ఇన్నేళ్ళూ ఈ గొంతేసుకునా నేను పెద్దమనుషుల మధ్య తిరిగింది? ఇదేనా వాళ్ళు విన్నది? "మీరుంటే బెంగ లేదండి" అన్నవాళ్ళంతా ఇంటికెళ్ళి నవ్వుకునేవారేమో. ఆ ఆలోచన రాగానే ఒంటరిగా చేలో ఉన్నా సరే మొహం మీద కండువా కప్పుకోవాలనిపించేది.

హైదరాబాదు నుంచి ఫోను చేసినప్పుడు వాణ్ణి అడిగేశాను.

"నన్ను ఊరందరి ముందూ బొమ్మని చేశావు కదరా?"

"వెక్కిరింపు కాదండి నాన్నగారూ. ఇంగ్లీషువాళ్ళ కోపం అరువు తెచ్చుకుని పాడితే ఎవరూ వినలేదండి. నాకు దగ్గరగా తెలిసిన కోపం మీదొక్కటే. అది పాడితే విన్నారండి."

"కోపం సరే. నా దగ్గేం పాపం చేసిందిరా?"

"అది లేకపోతే పాట మొదలవదండి."

ఫోను పెట్టేశాను. మా ఆవిడ పక్క గదిలో మూతికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. నవ్వుతోందని నాకు తెలుసు. రాత్రి అన్నం దగ్గర నేను ఆవిణ్ణి ఇంకాస్త పులుసు వెయ్యమని కూడా అడగలేదు.

ఆ మాఘమాసంలో మా వీధి చివర ఓ పెళ్ళి. ఎప్పట్లాగే వచ్చి పిలిచారు, ఎప్పట్లాగే వెళ్ళాను. కండువా బిగించి దగ్గాను. అంతే, బంతిలో పిల్లలు కిసుక్కుమన్నారు. వినిపించుకోలేదు. "ఒరే, ఈయనకి వెయ్యరేంటి?" అన్నాను. అటు వరసా ఇటు వరసా కలిసి, "వెయ్యరేంటి, వెయ్యరేంటి" అని పాట ఎత్తుకున్నాయి. తింటున్న పురోహితుడికి పొలమారింది. ఎవరికి వెయ్యమన్నానో ఆ పెద్దమనిషి కూడా తల ఊపుతున్నాడు. పెళ్ళికూతురి తండ్రి నా భుజం మీద చెయ్యేసి, "ఇంకోసారి అనండి, మా చిన్నపిల్ల కెమెరా తెచ్చుకుంటుంది" అన్నాడు. ఆయన నా చిన్ననాటి స్నేహితుడు. చెడ్డ ఉద్దేశంతో అనలేదు, అదే నాకు మరీ కష్టమనిపించింది. కండువా విప్పి భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాను.

ఆ తరవాత ఎవరు పిలిచినా నడుం నొప్పని చెప్పేవాణ్ణి. వాళ్ళు పిలవడం మాత్రం మానలేదు. "మీరు రావాలండి, మా పిల్లలు సరదా పడుతున్నారు" అనేవారు. మర్యాద కోసం పిలిచే మనిషిని సరదా కోసం పిలవడం మొదలుపెట్టారు. నాకున్న ఒక్క గౌరవమూ అలా పోయింది. కన్నకొడుకుని తిట్టుకోనూ లేను, మెచ్చుకోనూ లేను. ఎవరైనా, "మీ అబ్బాయి పైకొచ్చాడండి" అంటే, "ఏదో అండి" అని పక్కకి తప్పుకునేవాణ్ణి.

అలా ఉండగా మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. వియ్యాలవారిది భీమవరం వైపు, చేపల చెరువుల వ్యవసాయం, మర్యాదలు బాగా పట్టించుకునే మనుషులు. నేలబంతే పెట్టాలని నేనే పట్టుబట్టాను. నోరు మాత్రం విప్పనని మా ఆవిడతో ముందే చెప్పేశాను. వడ్డనకి కాకినాడ నుంచి క్యాటరింగువాళ్ళని మాట్లాడాం. తలలకి టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ళు వచ్చారు. బకెట్లు పట్టుకోవడం తెలుసు గానీ ఆకుల వైపు చూడటం తెలీదు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

మగపెళ్ళివారి మొదటి బంతి కూర్చుంది. చివరాఖర్న పెళ్ళికొడుకు తాతగారు. తెల్లటి పంచె, చేతికర్ర పక్కనే పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే మావాడూ వాడి స్నేహితులూ హైదరాబాదులో ప్రోగ్రాం ముగించుకుని కారు దిగి పందిట్లోకి వచ్చారు. టోపీల కుర్రాళ్ళు ఎక్కడి బకెట్లు అక్కడ దించేసి వాళ్ళ చుట్టూ చేరారు. ఫొటోలూ, చేతుల మీద సంతకాలూ. మావాడు నవ్వుతూ అందరికీ సంతకాలు చేస్తున్నాడు.

తాతగారి ఆకులో పనసపొట్టు కూర అయిపోయింది. అన్నం మిగిలింది. ఆయన చెయ్యి ఆకు అంచున ఆగింది. ఎవరూ రాలేదు. ఆయన చుట్టూ చూడలేదు, ఎవర్నీ పిలవలేదు. కాసేపటికి ఎడమచెయ్యి నేల మీద ఆనించారు. పెద్దవాళ్ళు లేవబోయేముందు అలాగే ఆనిస్తారు. ఆయన లేస్తే కొత్తకోడలిగా మా పిల్ల ఆ ఇంట్లో అడుగుపెట్టే ముందే ఈ మాట వెళుతుంది.

నేను పందిరి రాట పట్టుకుని నిలబడ్డాను. వంటల దగ్గర్నించి మా ఆవిడ నా వైపు చూసింది. ఇప్పుడు అరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. పెళ్ళివారంతా నవ్వుతారు. వియ్యాలవారి ముందు కాసెట్టు అట్ట మీది బొమ్మనవుతాను. ఇంకెవరైనా కేకేస్తే బావుండునని చూశాను. ఎవరూ లేరు.

దగ్గు దానంతటదే వచ్చింది.

పందిరంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. మూతుల మీద నవ్వు అప్పుడే మొదలైంది. "ఒరే, పెద్దాయనకి వెయ్యరేంటి?" అన్నాను.

"వెయ్యరేంటి, వెయ్యరేంటి!" అంది పందిరి. ఎవరో ఖాళీ బకెట్టు మీద డ్రమ్ము వాయించడం కూడా మొదలెట్టారు. నేను ఆపలేదు. పనసపొట్టు ఇటు అన్నాను. పాడారు. ఫొటోలేంట్రా, బకెట్లెత్తండి అన్నాను. దానికీ పాడారు. చెవులు మండిపోతున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగి ఆకులు మసగ్గా కనపడుతున్నాయి. అయినా ఒక్కో ఆకూ చూసుకుంటూ, ఒక్కో కేకా వేసుకుంటూ బంతి పొడవునా నడిచాను. నా కూతురి పెళ్ళిలో నన్ను చూసి నవ్వుతున్న జనానికి నేనే దగ్గరుండి పెట్టించాను.

మధ్యలో మావాడు కనిపించాడు. అందరూ పాడుతుంటే వాడొక్కడే పాడటం లేదు. మొహం కందిపోయింది. ఆ పాట నేను నిలబడ్డ చోటి నుంచి ఎలా వినపడుతుందో వాడు చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. పక్కనున్న బకెట్టు తీసుకుని గబగబా వెళ్ళి తాతగారి ముందు వంగి కూర వేశాడు. తాతగారు నేల మీది చెయ్యి తీసేశారు. కడుపునిండా తిన్నారు. చేతులు కడుక్కున్నాక నన్ను పిలిచి, "ఏంటండీ, మీ ఊళ్ళో భోజనాల దగ్గర పాడే ఆచారం ఉందా?" అన్నారు. ఆయనకి ఆ పాట తెలీదు, పాపం.

"ఉందండి" అన్నాను.

మావాడు ఆ విషయం నాతో ఏమీ మాట్లాడలేదు. నేనూ కదపలేదు. ఆ చలికాలం కాకినాడలో వాళ్ళ ప్రోగ్రాం పెడితే మా ఆవిడ పోరు పడలేక వెళ్ళాను. సాయంత్రం, పెద్ద మైదానం, ఇసకేస్తే రాలనంత జనం. మేం వెనక కుర్చీల్లో కూర్చున్నాం. కొత్త పాటలు పాడారు. బాగానే ఉన్నాయి. కాసేపయ్యాక జనం అడగడం మొదలెట్టారు. "వెయ్యరేంటి! వెయ్యరేంటి!" అని ఒకటే కేకలు. నేను తల దించుకుని కూర్చున్నాను.

మావాడు మైకు దగ్గరికొచ్చాడు. "ఆ పాట మానేశామండి. క్షమించండి" అన్నాడు.

జనం నమ్మలేదు. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే జవాబు. కాసేపు గోల చేసి, తరవాత ఒక్కొక్కరే లేవడం మొదలెట్టారు. మా పక్కన చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకున్నావిడ, "దీనికోసమే యానాం నుంచి వచ్చామండి" అని మా ఆవిడతో అని, పిల్లని భుజాన వేసుకుని లేచింది. స్టేజీ మీద ఇంకో పాట నడుస్తూనే ఉంది, వరసలకి వరసలు లేచిపోతున్నాయి. అప్పటిదాకా పడ్డ సిగ్గు ఒక ఎత్తు, అది చూశాక పడ్డ సిగ్గు ఒక ఎత్తు. నా మూలంగా ఇంతమంది బంతి మధ్యలో లేస్తున్నారు.

నేనూ లేచాను. వెళ్ళిపోవడానికి కాదు. పాట అయ్యేసరికి స్టేజీ వెనక్కి వెళ్ళి వాణ్ణి పట్టుకున్నాను.

"అడిగినవాళ్ళకి లేదనడం ఎక్కడ నేర్చుకున్నావురా? మన ఇంటా వంటా ఉందా?"

వాడు గిటారు వంక చూస్తూ, "మీకు సిగ్గుగా ఉంటుంది కదండి నాన్నగారూ" అన్నాడు.

"ఉంటుంది. నా సిగ్గు కోసం వీళ్ళందర్నీ పస్తు పంపిస్తావా?"

"జనం వెళ్ళిపోతున్నారండి."

"లేచినవాళ్ళని పిలిచి కూర్చోబెట్టు. మైకుంది కదా నీ దగ్గర."

వాడు తలెత్తి నన్ను చూశాడు. "మీరు కూర్చుంటారాండి?"

ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు. కండువా సర్దుకుని, "కూర్చుంటాను" అన్నాను.

ముందు వరసలో కుర్చీ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోబెట్టారు. వాడు మైకు ముందు నిలబడి దగ్గాడు. గేటు దాకా వెళ్ళినవాళ్ళు కేకలేసుకుంటూ వెనక్కి పరిగెత్తుకొచ్చారు. కెమెరావాడికి ఎవరు చెప్పారో ఏమో, స్టేజీ పక్కనున్న పెద్ద తెర మీద నా మొహం పడింది, మీసాలతో, కండువాతో. మైదానమంతా నన్ను చూసి పాడటం మొదలెట్టింది. భూమిలోకి దిగిపోదామా అనిపించింది. ఎక్కడ చూడాలో తెలీక నా చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను.

ఆ పాట నేను చివరిదాకా విన్నది అదే మొదటిసారి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ దగ్గు వినిపిస్తే చెవులు వేడెక్కుతాయి. ఆ రోజు మాత్రం ఆఖరి డ్రమ్ము మోగేదాకా కదల్లేదు. బంతి మధ్యలో లేవకూడదు.